కప్ప అరుపుకి చోటు

నెలలో రెండో ఆదివారం భోజనాలయ్యేసరికి ఎడిటర్ ఇంటి ముందుగదిలో కుర్చీలు గోడకి జరిగేవి, మంచం మీద పరుపు చుట్ట చుట్టుకునేది, మెట్ల మీద చెప్పులు పోగుపడేవి. కంప్యూటర్ సంఘం సభ్యులు ఒక్కొక్కరే టీవీల్ని దుప్పట్లలో చుట్టి, చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చేవారు. అప్పట్లో ఇంటి కంప్యూటరంటే ఒక మీటల పలక, అంతే. బొమ్మ కావాలంటే దాన్ని టీవీకి తగిలించాలి. రాసుకున్న ప్రోగ్రాము దాచుకోవాలంటే టేప్‌రికార్డరుకి తగిలించి క్యాసెట్ మీదికి ఎక్కించాలి. ఆ క్యాసెట్ మళ్ళీ పెడితే కీచుమంటూ, గరగరమంటూ ఒకటే గోల. కంప్యూటర్ ఆ గోలంతా ఓపిగ్గా విని, చివరికి తెర మీద "తప్పు" అని ఒక్క ముక్క చూపించి ఊరుకునేది. మళ్ళీ మొదటికి.

కిటికీ పక్కన ఎడిటర్ అత్తగారు కూర్చుని బఠానీలు ఒలిచేది. టేపు గోల మొదలవగానే ఆవిడ చేతులు ఆగేవి. ఆ గోల ఆవిడకి మాటల్లాగే వినపడేది.

"ఇది మొదట్లోనే నత్తి కొడుతోంది నాయనా. టేపు నలిగినట్టుంది, ఇంకోసారి ఎక్కించుకో," అనేది ఒకరితో.

"నీ వాడు చెప్పిందే నాలుగు చోట్ల చెబుతున్నాడు. ఆ ముక్క ఒక పక్కన రాసిపెట్టుకుని, కావాల్సినప్పుడల్లా అక్కడికి పొమ్మను. సగం బరువు తగ్గుతుంది," అనేది ఇంకొకరితో.

ఈ సంగతి బయటపడ్డ రోజున ఇంట్లో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఎడిటర్ మొదటి క్యాసెట్ పెట్టినప్పుడు ఆవిడ వంటింట్లోంచి, "ఎవరండీ అది, ఇరవై దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి వస్తున్నాడు? ఎవరైనా ఆపమని చెప్పండి," అంది. చూస్తే నిజమే, ప్రోగ్రాములో బయటికి దారి పెట్టలేదు. "మా అమ్మకి చెవులు మొదటి నుంచీ చురుకే," అంది ఎడిటర్ భార్య, గిన్నె దించుతూ. అక్కడితో ఆ మాట అయిపోయింది. సంఘంలో అందరూ ఆవిడని అత్తయ్యగారూ అనే పిలిచేవారు. ఆ లెక్కన ఊళ్ళో కంప్యూటరున్న మగవాళ్ళందరూ ఆ ఇంటి అల్లుళ్ళే అయ్యారు. అసలు అల్లుడికి ఆ వరస అంతగా రుచించేది కాదు.

ఆయన్ని ఎడిటర్ అనడానికి కారణం ఉంది. పగలంతా బీమా ఆఫీసులో ఫైళ్ళు కట్టే మనిషే అయినా, సంఘానికి నెలనెలా వచ్చే చిట్కాల పత్రిక ఆయన చేతి మీదుగానే వెళ్ళేది. ఆయనే రాసేవాడు, ఆయనే దిద్దేవాడు, అందరికంటే ముందు ఆయనే చదివి బాగుందనుకునేవాడు. అత్తగారి నోటి నుంచి రాలిన చిట్కాలు కూడా అందులో ఆయన పేరు మీదే వచ్చేవి. ఆవిడ చదివేది కాదు కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

పత్రికని స్టెన్సిల్ మీద టైపు చేసి పెట్టేది సంఘం సభ్యుడైన లిఫ్టు మెకానిక్ భార్య. ఆమె పూర్వం కోర్టు దగ్గర టైపిస్టు. గొంతులో జబ్బు వచ్చి ఆపరేషన్ చేసినప్పుడు మాట పోయింది. మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకునేది, దాని మీద పల్చటి రుమాలు కట్టుకునేది. మాట్లాడబోతే పెదవులు కదిలేవి, రుమాలు కింద నుంచి గాలి బుస్సుమని వచ్చేది తప్ప మాట వచ్చేది కాదు. ఆ చప్పుడు నలుగురిలో వినపడటం ఇష్టం లేక ఆమె ఎక్కడికీ వెళ్ళేది కాదు, సంఘానికి అసలే రాలేదు. చెప్పాల్సింది పలక మీద రాసి చూపించేది. టైపు మాత్రం మునుపటికంటే వేగంగా కొట్టేది.

ఆపరేషన్‌కి ముందు డాక్టర్ సలహా మీద మెకానిక్ ఆమె గొంతు ఒక క్యాసెట్ నిండా రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఏం మాట్లాడాలో తోచక ఆమె ముందు పేపర్లో ఉన్న సినిమాల ప్రకటనలు చదివింది. తర్వాత మొగుణ్ణి ఆటపట్టిస్తూ, లిఫ్టులో నిలబడ్డట్టు, "మొదటి అంతస్తు, గిన్నెలూ గరిటెలూ. రెండో అంతస్తు, చీరలు. మూడో అంతస్తు, మీకు పని లేదు, దిగిపోండి," అని నవ్వింది. ఆ నవ్వు చివర్లో దగ్గు కూడా ఉంది. క్యాసెట్ పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ రేకులు విరగ్గొడితే దాని మీద మళ్ళీ రికార్డు బటన్ దిగదు. మెకానిక్ ఆ రేకులు తన చేత్తోనే విరిచి, పాత పాటల క్యాసెట్లున్న పెట్టెలో పెట్టాడు. మీద ఏమీ రాయలేదు. చూస్తే తనకి తెలియదా అనుకున్నాడు.

కొత్త క్యాసెట్లు దొరకడం కష్టమైన రోజులవి. సభ్యులందరూ అదే మొర. ఎడిటర్ ఆలోచించి, చిట్కాల శీర్షికలో ఇలా రాశాడు: రేకులు లేని పాత పాటల క్యాసెట్లు పారేయకండి, ఆ కన్నాల మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే రికార్డు బటన్ హాయిగా దిగుతుంది, మీ ప్రోగ్రాములు వాటి మీదే దాచుకోవచ్చు. రాత ప్రతి ఇవ్వడానికి మెకానిక్ ఇంటికి వెళ్ళినప్పుడు అతను ఇంట్లో లేడు. భార్య చదివి, పలక మీద, "ముందు రెండు వైపులా విని చూసుకోమని చెప్పాలి కదా," అని రాసింది.

"మంచి మాట చెల్లెమ్మా. మీరే చివర్లో చేర్చండి," అన్నాడు ఎడిటర్.

ఆమె చేర్చింది. "అంటించేముందు క్యాసెట్ రెండు వైపులా పూర్తిగా విని చూసుకోండి, ఒకసారి చెరిగింది మళ్ళీ రాదు." శుభ్రంగా టైపు చేసి స్టెన్సిల్ పంపింది.

ప్రతులు తీసే సైక్లోస్టైల్ కొట్టు మూసే వేళకి స్టెన్సిల్ పట్టుకుని కూర్చున్న ఎడిటర్‌కి ఒక లోపం కనపడింది. ఆ నెల పత్రికలో, సభ్యులు చూసి తమ కంప్యూటర్లలో కొట్టుకోవడానికి, ఆయన సొంత ఆట ప్రోగ్రాము ఉంది. కప్ప రోడ్డు దాటే ఆట. కప్ప అవతలికి చేరగానే బెకబెకమని అరవాలి. ఆ అరుపు తాలూకు రెండు లైన్లు రాత ప్రతిలోనే రాయడం మర్చిపోయాడు. అరవని కప్పని ఎవరు మెచ్చుకుంటారు? పేజీ కింద వేలెడు జాగా లేదు. ఆయన కళ్ళు పేజీ చివరికి వెళ్ళాయి, ఆ హెచ్చరిక దగ్గర ఆగాయి. వినకుండా ఎవడు చెరుపుకుంటాడులే, ఆమాత్రం ఇంగితం ఎవరికైనా ఉంటుంది, అనుకున్నాడు. సీసాలోంచి కరెక్షన్ ఫ్లూయిడ్ పూసి, ఊది ఆరబెట్టి, కొట్టువాడి టైపు మిషన్ మీద రెండు లైన్లూ ఆ చోట్లో కొట్టాడు. కప్ప అరిచింది. ఆ నెలంతా సభ్యుల ఇళ్ళల్లో అదే అరుపు.

మెకానిక్ ఆ చిట్కా చదివి సంతోషించాడు. లిఫ్టు ఏ అంతస్తులో ఆగాలో తనే తేల్చుకునే ప్రోగ్రాము ఒకటి రాస్తున్నాడు, దాచుకోవడానికి క్యాసెట్ లేదు. పాటల పెట్టె దించి, చేతికొచ్చిన వాటికి చూడకుండానే వరసగా సెల్లోటేపు అంటించి, ప్రోగ్రాము దిద్దినప్పుడల్లా రెండు వైపులా ఎక్కించుకుంటూ పోయాడు. కొన్నాళ్ళకి భార్య గొంతు వినాలనిపించి వెతుక్కుంటే, ఆ క్యాసెట్‌లోంచి గరగరమని కంప్యూటర్ గోల వచ్చింది. రెండో వైపూ అదే. భార్య తలుపు దగ్గర నిలబడి వింది. అతను టేపు ఆపలేదు, చివరిదాకా అలాగే కూర్చున్నాడు.

సంఘంలో ఆ సంగతి తెలియగానే తలో మాటా అన్నారు. "పాపం" అన్నవాళ్ళూ ఉన్నారు, "ఎంత మనిషయ్యా, వినకుండా ఎలా చెరుపుతాడు?" అన్నవాళ్ళూ ఉన్నారు. ఎడిటర్ అందరికంటే గట్టిగా పాపం అన్నాడు. ఆ సాయంత్రం ఎవరో కప్పని అవతలికి దాటించారు. అది బెకబెకమంది, గది గొల్లుమంది. ఎడిటర్ లేచి వంటింట్లోకి వెళ్ళి, దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తే పోతుంది అనుకున్నాడు. చెప్పలేదు.

మర్నాడు పరామర్శకి వెళ్ళాడు. మెకానిక్ పనిలో ఉన్నాడు. అతని భార్య కుర్చీ చూపించి, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత రాసి చూపించింది. "ఆ వాక్యం నేను కొట్టానని గుర్తు. అచ్చులో లేదు. నేనే వదిలేశానా?"

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఆయనకి దొరకదు. నోరు తెరిచాడు కూడా.

"పోనీండి చెల్లెమ్మా, టైపులో ఒక్కోటి జారిపోతుంటాయి. మనసులో పెట్టుకోకండి," అన్నాడు.

ఆమె తల ఊపి, పలక తుడిచేసింది. మెట్లు దిగుతుంటే ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక తప్పు చేసి ఊరుకున్నవాడు వేరు, దాన్ని తీసుకెళ్ళి మాట లేని మనిషి నెత్తిన పెట్టి ఓదార్చి వచ్చినవాడు వేరు. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసి లేచాడు. "ఒంట్లో బాగాలేదా?" అని భార్య అడిగితే, ఆఫీసులో పని ఎక్కువైందన్నాడు. అదీ అబద్ధమే.

ఆ తర్వాత మెకానిక్ సంఘానికి రావడం మానేశాడు. ఇంట్లో భార్య పలక ఎత్తితే తల దించుకునేవాడట. ఆమె ముఖం చూడలేడు, చూడకపోతే ఆమె ఏం చెబుతోందో తెలియదు. పొద్దున్నే వెళ్ళి, బాగా పొద్దుపోయాక వచ్చేవాడు. చివరికి ఎక్కడో దూరాన గనుల కంపెనీలో, మనుషుల్ని భూమిలోకి దించే లిఫ్టుల పని ఉందని తెలిసి ఒప్పుకున్నాడు. ఒక్కడే వెళతాడు.

ఈ కబురు విని ఎడిటర్ ఆఫీసులో ఒకే ఫైలుకి రెండుసార్లు తాడు కట్టాడు. ఒక్క మాట చెబితే ఆ మనిషి ఆగుతాడేమో. ఆ ఒక్క మాట చెబితే సంఘంలో తన ముఖం ఎవరు చూస్తారు? వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే ఉన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. అందరూ రాకముందే మెకానిక్ వచ్చాడు. చంకలో తన కంప్యూటర్, జేబులో క్యాసెట్. వెనకాల రుమాలు సర్దుకుంటూ అతని భార్య. ఆమె ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. ఎడిటర్ పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"ఇది సంఘానికి ఇచ్చేస్తున్నాను, నాకెందుకింక," అని మెకానిక్ కంప్యూటర్ని బల్ల మీద పెట్టాడు. తర్వాత అత్తగారి దగ్గరికి వెళ్ళి క్యాసెట్ చూపించాడు. "అత్తయ్యగారూ, వెళ్ళేముందు ఒక్కసారి మీరు వినాలి. అడుగున ఎక్కడైనా, కాస్తయినా, తన గొంతు మిగిలిందేమో. మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు."

"కూర్చో నాయనా. నువ్వూ కూర్చో అమ్మా," అంది అత్తగారు. బఠానీల చాట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

ఎడిటరే టేప్‌రికార్డరు తెచ్చాడు, ఎడిటరే బటన్ నొక్కాడు. గోల మొదలైంది. అత్తగారు కళ్ళు మూసుకుంది. మెకానిక్ ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు. ఒక వైపు అయింది, తిప్పి పెట్టారు. రెండో వైపూ అయింది.

"ఒక పెట్టె పైకీ కిందికీ తిరుగుతోంది. ఎవరు ముందు పిలిస్తే వాళ్ళ దగ్గర ఆగుతోంది. మంచి ప్రోగ్రాము నాయనా, ఎక్కడా తడబాటు లేదు," అందావిడ. కళ్ళు తెరిచి, "అడుగున ఏమీ లేదు. పోయింది," అంది.

మెకానిక్ తల ఊపాడు. ముందే తెలిసిన సంగతే అన్నట్టు ఊపి, క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. అతని వెనక కుర్చీలో భార్య రుమాలు కింద నుంచి గాలి బుస్సుమంది, ఆగింది, మళ్ళీ బుస్సుమంది.

"అలా అనుకోకమ్మా," అంది అత్తగారు ఆమె వైపు తిరిగి.

ఆమె ఉలిక్కిపడి పెదవుల మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆఁ, వినపడుతోంది. టేపు గోల కంటే నీదే నయం, నెమ్మదిగా చెబుతున్నావు," అంది అత్తగారు. "చెప్పు, నేను చెబుతాగా అతనికి."

గాలి ఒకేసారి వచ్చింది, పొడుగ్గా, ఎక్కడా ఆగకుండా. అత్తగారు వింటూ వింటూ మధ్యమధ్య ఆఁ అంటోంది. మెకానిక్ ఒకసారి భార్యనీ ఒకసారి అత్తగారినీ చూస్తున్నాడు.

"రోజూ నిన్ను అన్నానికి పిలుస్తోందట నాయనా, నువ్వు పలకవట," అంది అత్తగారు. "టేపు పోతే పోయిందంటోంది. అందులో సినిమా ప్రకటనలు తప్ప ఏముంది అంటోంది. తర్వాత ఒకే మాట తిప్పి తిప్పి అంటోంది. ఆ వాక్యం నేనే వదిలేశాను, నా గొంతు నేనే చెరిపేసుకున్నాను, ఈయన ఎందుకు వెళ్ళాలి, అని."

"ఏ వాక్యం?" అన్నాడు మెకానిక్.

భార్య పలక కోసం సంచిలో చెయ్యి పెట్టింది. అత్తగారు కాస్త ఆలోచించి అల్లుడి వైపు తిరిగింది. ఆవిడ చూపులో అనుమానం ఏమీ లేదు. పత్రిక సంగతులు ఆయనకే తెలుస్తాయి కాబట్టి అడిగింది.

"ఏ వాక్యం అల్లుడుగారూ?"

ఎడిటర్ బల్ల అంచు పట్టుకున్నాడు. గుమ్మంలో భార్య టీ కప్పుల పళ్ళెంతో నిలబడి ఉంది.

"క్యాసెట్ రెండు వైపులా ముందు విని చూసుకోమని," అన్నాడు. "చెల్లెమ్మే చెప్పింది, చెల్లెమ్మే కొట్టింది. వదల్లేదు. నేను చెరిపాను." "మొన్న నన్ను అడిగింది కూడా. జారిపోయి ఉంటుందని చెప్పాను."

"ఎందుకు చెరిపారు?" అన్నాడు మెకానిక్. కోపంగా అనలేదు. అర్థం కాక అడిగాడు.

"కప్ప అరవడానికి చోటు లేక."

పళ్ళెంలో కప్పులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. మెకానిక్ కుర్చీ తిప్పుకుని భార్యకి ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి ఆమె ముఖంలోకి తిన్నగా చూశాడు. ఆమె సంచిలోంచి చెయ్యి తీసేసింది. పెదవులు కదిలాయి, రుమాలు కింద గాలి చిన్నగా రెండు మూడు సార్లు వచ్చిపోయింది.

అత్తగారు చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోపే మెకానిక్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"అవును, బాగా మబ్బేసింది," అన్నాడు. "పద, తడిసిపోతాయి."

అత్తగారు నోరు మూసుకుంది.

అతను లేచి బల్ల మీద నుంచి తన కంప్యూటర్ తీసి చంకలో పెట్టుకున్నాడు. క్యాసెట్ అక్కడే వదిలేశాడు. ఇద్దరూ మెట్లు దిగుతుంటే ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది, అతను ఆఁ ఆఁ అంటూనే ఉన్నాడు. గనుల కంపెనీ వాళ్ళు రెండు ఉత్తరాలు రాసి, జవాబు లేక ఇంకొకర్ని పెట్టుకున్నారు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఎడిటర్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. లోపలికి వచ్చి అత్తగారి ఎదుట నిలబడ్డాడు. అడగాలంటే సిగ్గేసింది, అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఆఖర్న చెల్లెమ్మ ఏమంది అత్తయ్యా?"

"బట్టలు ఆరేసి వచ్చాం, వానొచ్చేలా ఉంది, ఇంటికెళ్దాం అంది."

"నా గురించి?"

అత్తగారు ఆయన వైపు జాలిగానే చూసింది.

"మీ గురించి ఏమీ అనలేదు అల్లుడుగారూ," అంది.